సోక్రటీస్ కోర్టును ధిక్కరించాడా, తలవంచాడా? ఏథెన్స్‌లో చట్టం, న్యాయం

ప్రశ్నపత్రం:
ప్లేటో ‘అపాలజీ’ (కోర్టులో సోక్రటీస్ చెప్పుకున్న సమాధానం), ‘క్రిటో’ (మరణశిక్ష పడ్డాక జైల్లో స్నేహితుడితో మాటలు) వరసగా చదివేవాళ్లకి ఒకచోట కాలు ఇరుక్కుంటుంది. ‘అపాలజీ’ 29డి దగ్గర సోక్రటీస్ తీర్పు చెప్పేవాళ్ల ముఖం మీదే అంటాడు: తత్వచర్చ మానేస్తే వదిలేస్తామని మీరన్నా సరే, మీ మాట కంటే దేవుడి మాటే వింటాను అని. ఆ తర్వాత ‘క్రిటో’లో, జైలు నుంచి తప్పించడానికి స్నేహితుడు డబ్బు సిద్ధం చేసుకుని వస్తే, ఊరి చట్టాన్ని మీరకూడదని గంటసేపు నచ్చజెప్పి పంపేస్తాడు. మనిషి ఒకడే, కేసు ఒకటే. అన్యాయమైన తీర్పుకి లోబడాలా వద్దా అన్న దానికి రెండు జవాబులు ఎలా వచ్చాయి? ఇంకో సందేహం కూడా ఉంది. ఏథెన్స్ వాళ్లకి చట్టం, న్యాయం ఒకటేనా, వేరువేరా? తెలుగు అనువాదాల్లో రెంటికీ ‘న్యాయం’ అనే వాడేస్తుంటే ఏది ఏదో తెలియడం లేదు.

తాళపత్రం:
జవాబు సగం ఆ కోర్టు నడిచిన పద్ధతిలోనే ఉంది, కాబట్టి ముందు అది. అంకెల గురించి ఒక్క మాట: 29డి లాంటివి 1578 నాటి స్టెఫానస్ ముద్రణలోని పుట, భాగం సంఖ్యలు. ఏ అనువాదంలోనైనా అంచున ఉంటాయి. అవి లేని పుస్తకం కొనకండి, చర్చలో పనికిరాదు.

ఏథెన్స్ కోర్టులో మనం అనుకునే జడ్జి లేడు. ఒక అధికారి అధ్యక్షత వహిస్తాడు గానీ చట్టం ఏం చెబుతుందో వివరించడం అతని పని కాదు. తీర్పు దికాస్త్‌లది. తీర్పరులు అందాం. ముప్పై ఏళ్లు దాటిన పౌరుల్లోంచి ఏటా 6000 మందిని చీటీ వేసి తీసేవారు. రోజుకి మూడు ఓబోలులు బత్తెం, అంటే అర డ్రాక్మా. సోక్రటీస్ కేసులో (క్రీ.పూ. 399) కూర్చున్నవాళ్లు 500 లేదా 501. వాదనలు వినగానే లేచి ఓటు వేయడమే. తమలో తాము చర్చించుకోరు, కారణాలు రాయరు, పైకోర్టు లేదు.

అసలు కీలకం వాళ్లు చేసే ప్రమాణంలో ఉంది. చట్టాల ప్రకారం, ప్రజాసభ తీర్మానాల ప్రకారం ఓటు వేస్తాను. చట్టం లేని విషయాల్లో అత్యంత న్యాయమైన అభిప్రాయంతో వేస్తాను. ఆ చివరి మాట గ్రీకులో ‘గ్నోమే దికాయొతాతే’. చట్టం ఉన్నంత మేర చట్టం, అది ఆగిన చోట న్యాయబుద్ధి. రెండూ ఒకటేనని వాళ్లు అనుకుని ఉంటే ఆ రెండో ముక్క అక్కర్లేదు కదా.

మరి చట్టం ఎక్కడ ఆగిపోతుంది? సోక్రటీస్ మీద పెట్టిన అభియోగం ‘అసెబేయ’, దైవద్రోహం. ఆ నేరానికి చట్టం ఉంది, విచారణ పద్ధతి ఉంది. అసెబేయ అంటే ఏమిటో మాత్రం నిర్వచనం లేదు. ‘యూథిఫ్రో’ సంభాషణ ఆ కేసు ప్రాథమిక విచారణ జరిగే రాజ మండపం వాకిట్లో నడుస్తుంది. అక్కడ సోక్రటీస్ అడిగే ప్రశ్న ‘భక్తి అంటే ఏమిటి?’ అది పనిలేని తత్వప్రశ్న అనుకుంటారు చాలామంది. నిజానికి కోర్టులో తీర్పరులు వేసుకోవాల్సిన ప్రశ్నే అది, వాళ్లకి దాన్ని వేసుకునే వీలు లేదు. ఆ మండపం పునాదులు 1970 తవ్వకాల్లో బయటపడ్డాయి. ఏథెన్స్ అగోరాకి వాయవ్య మూలన, రైలు పట్టాల పక్కన ఇప్పటికీ చూడొచ్చు.

నల్లకోటు:
తాళపత్రం గారు శిక్ష ఖరారు చేసే భాగం వదిలేశారు. ప్రశ్నపత్రం గారి చిక్కుముడి అక్కడే ఉంది.

చట్టంలో శిక్ష రాసి ఉన్న కేసులు కొన్ని, రాయనివి కొన్ని. రాయని వాటిలో ఓటు రెండుసార్లు. మొదటిది నేరం చేశాడా లేదా. చేశాడని తేలితే వాది ఒక శిక్ష అడుగుతాడు, ప్రతివాది ఇంకొకటి చెబుతాడు, తీర్పరులు ఆ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. మధ్యస్థంగా ఇంకోటి వేసే అధికారం వాళ్లకి లేదు. అందుకే ప్రతివాది తెలివైనవాడైతే ఊరు వదిలి వెళతాననో, భారీ జరిమానా కడతాననో అంటాడు. సోక్రటీస్ ముందు ప్రిటానియోన్‌లో (ఊరి అతిథిశాల) ఉచిత భోజనం పెట్టమన్నాడు, ఒలింపిక్ విజేతలకి ఇచ్చే గౌరవం అది. తర్వాత ఒక మినా ఇస్తానన్నాడు. చివరికి ప్లేటో, క్రిటో, క్రిటోబులస్, అపోలోడోరస్ హామీ మీద 30 మినాలు, అంటే 3000 డ్రాక్మాలు. అప్పటికే తీర్పరులకి ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడు 29డి చూడండి. ‘చర్చ మానేస్తానంటే వదిలేస్తాం’ అనే తీర్పు ఈ పద్ధతిలో ఏ దశలో ఇవ్వగలరు? మొదటి ఓటులో నిర్దోషి అంటే షరతు పెట్టడానికి లేదు. రెండో ఓటులో వాది మరణశిక్ష అడిగాడు, ప్రతివాది మౌనం పాటిస్తానని అడగలేదు, అడగడు. ఆ షరతు చట్టబద్ధంగా పుట్టే దారే లేదు. లేని ఆజ్ఞని ధిక్కరిస్తానన్నాడు. ‘క్రిటో’లో ఉన్నది ఉన్న తీర్పు. వైరుధ్యం లేదు.

మూడో_గొంతు:
నల్లకోటు గారూ, ఇది వకీలు తప్పించుకునే దారిలా ఉంది. సోక్రటీస్ ఏమన్నా సివిల్ ప్రొసీజర్ పాయింటు లేవనెత్తుతున్నాడా? మీరు మీ అధికారంతో ఏ రూపంలో ఆపమన్నా ఆపను అంటున్నాడు. రేపు ప్రజాసభ ‘తత్వచర్చ నిషిద్ధం’ అని సక్రమంగా చట్టమే చేస్తే? అప్పుడు మీ వాదన ఎక్కడ నిలబడుతుంది?

నల్లకోటు:
అప్పుడు నిలబడదు, ఒప్పుకుంటాను. కానీ ఆ చట్టం లేదు. ఉన్న పాఠానికే నేను జవాబు చెప్పాను.

తాళపత్రం:
మూడో గొంతు గారి ప్రశ్న సరైనదే. దానికి పాఠంలోనే రెండు ఆధారాలున్నాయి, పద్ధతి మీద ఆధారపడనక్కర్లేదు.

మొదటిది, ‘క్రిటో’లో చట్టాలు మనుషుల్లా వచ్చి మాట్లాడే ముందే (49ఏ నుంచి ఈ దాకా) సోక్రటీస్ ఒక పునాది వేస్తాడు. ఎట్టి పరిస్థితిలోనూ అన్యాయం చేయకూడదు, అన్యాయానికి బదులుగా కూడా చేయకూడదు. చట్టాల ఉపన్యాసం మొత్తం ఆ పునాది మీదే లేచింది. కాబట్టి చట్టం తనని అన్యాయం చేయమంటే వినడు, తనకి అన్యాయం జరుగుతుంటే భరిస్తాడు. ఈ రెంటినీ కలిపేసి చదివితేనే వైరుధ్యం కనబడుతుంది.

రెండోది, 51బి-సి దగ్గర చట్టాలు అనే మాట: ‘ఒప్పించు, లేదా చెప్పింది చెయ్యి’. చాలా అనువాదాల్లో మొదటి సగం నీరుగారిపోయి ‘విధేయుడవై ఉండు’ అన్నట్టు వస్తుంది. ఒప్పించడానికి వేదిక ఉంది: కోర్టు, ప్రజాసభ. సోక్రటీస్ కోర్టులో ఒప్పించడానికి ప్రయత్నించాడు, ఓడాడు. చట్టాలు ఇంకో మాట కూడా అంటాయి. పౌరుడిగా నమోదైన తర్వాత మా పద్ధతి నచ్చకపోతే నీ సొత్తుతో సహా ఎక్కడికైనా పోవచ్చని తలుపు తీసే ఉంచాం. డెబ్బై ఏళ్లలో నువ్వు పోలేదు. యుద్ధాలకి తప్ప ఊరు కదల్లేదు. ఇది ఒప్పందం వాదన. చదివి వదిలేయకండి. ఆ ఒప్పందం నోటిమాటగా ఎప్పుడూ జరగలేదు, ఉండిపోవడమే సంతకం అంటున్నారు. తర్వాతి కాలపు రాజకీయ సిద్ధాంతాలు చాలా దీని మీదే మేడలు కట్టాయి, దీన్నే పడగొట్టాయి కూడా.

ఇక సోక్రటీస్ జీవితంలో లిఖితంగా ఉన్న రెండు ధిక్కారాలు, ‘అపాలజీ’ 32బి నుంచి డి దాకా:

క్రీ.పూ. 406, ఆర్గినూసే నౌకాయుద్ధం. ఏథెన్స్ గెలిచింది. తుఫాను వల్ల మునిగిన ఓడల్లోని వాళ్లని రక్షించలేకపోయారు. ఎనిమిది మంది సేనానుల్లో ఇద్దరు తిరిగిరాలేదు, ఆరుగురు వచ్చారు. కల్లిక్సెనస్ అనేవాడు అందరికీ కలిపి ఒకే ఓటు పెట్టమని తీర్మానం తెచ్చాడు. ఒక్కొక్కరినీ విడిగా విచారించాలన్నది చట్టం. యూరిప్టోలెమస్ అభ్యంతరం చెబితే, నిన్నూ వాళ్లతో కలిపి అదే ఓటులో తేల్చేస్తాం అని జనం అరిచారు. ప్రజలు కోరింది చేయనివ్వకపోవడం ఘోరం అన్నారు. ఆ రోజు సభ నడిపే ప్రిటానుల్లో సోక్రటీస్ ఒకడు, ఒప్పుకోనివాడు అతనొక్కడే. విడి విచారణ తీర్మానం మొదట నెగ్గింది కూడా. మెనెక్లెస్ అడ్డుచెప్పి మళ్లీ ఓటు పెట్టించాక ఓడింది. ఆరుగురినీ చంపేశారు. తర్వాత పశ్చాత్తాపపడ్డారని చరిత్రకారుడు జెనోఫోన్ రాశాడు.

క్రీ.పూ. 404, ముప్పై మంది నియంతల పాలన. సలామిస్‌కి చెందిన లియోన్‌ని పట్టుకురమ్మని ఐదుగురికి ఆజ్ఞ. నలుగురు వెళ్లారు, సోక్రటీస్ ఇంటికి వెళ్లిపోయాడు.

మొదటి దాంట్లో అతను వాడే మాట గమనించండి: ‘చట్టంతో, న్యాయంతో పాటు నిలబడ్డాను’. జనం కోరిక ఒకవైపు, చట్టమూ న్యాయమూ రెండూ మరోవైపు.

ప్రశ్నపత్రం:
అంటే ప్రజాసభ ఓటు వేసి చేసిందల్లా చట్టం కాదా? ప్రజాస్వామ్యంలో అది విచిత్రంగా ఉందే.

నల్లకోటు:
406లో ఆ గీత చెరిగిపోయి ఉంది. దాన్ని గట్టిగా గీసింది క్రీ.పూ. 403లో. నియంతలు పోయి ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక, పాతపగలు తవ్వకూడదని క్షమాభిక్ష ప్రకటించి, చట్టాల్ని సరిచూసి రాతిమీద చెక్కించారు. ఆండోకిడెస్ తన కోర్టు ప్రసంగంలో ఆ నిబంధనల్ని యథాతథంగా చదివించాడు, అందువల్ల మనకి దక్కాయి. అధికారులు రాయని చట్టాన్ని ఏ విషయంలోనూ ప్రయోగించకూడదు. కౌన్సిల్ తీర్మానం గానీ ప్రజాసభ తీర్మానం గానీ చట్టం కంటే పైది కాదు. ఒక్క మనిషిని ఉద్దేశించి చట్టం చేయకూడదు. చేయాలంటే 6000 మంది రహస్యంగా ఓటు వేయాలి.

నోమోస్ అంటే చట్టం, ప్సెఫిస్మ అంటే తీర్మానం. చట్టం అందరికీ, ఎప్పటికీ. తీర్మానం ఈ సందర్భానికి, ఈ మనిషికి. చట్టాన్ని మీరే తీర్మానం ఎవడైనా ప్రతిపాదిస్తే అతనిమీద ‘గ్రాఫే పారానోమోన్’ దావా వేయొచ్చు. ఇది 415 నాటికే ఉంది. 403 తర్వాత చెడ్డ చట్టం తెచ్చినవాడి మీద కూడా విడిగా దావా వచ్చింది. ప్రతిపాదించినవాడి బాధ్యత ఒక ఏడాది. ఏడాది దాటాక చట్టాన్ని కొట్టేయొచ్చు గానీ మనిషికి శిక్ష లేదు.

దావా వేసేవాడికీ ముకుతాడు ఉంది. పబ్లిక్ కేసులో (ఊరి తరఫున ఏ పౌరుడైనా వేసేది) ఐదోవంతు ఓట్లు రాకపోతే వాదికి 1000 డ్రాక్మాల జరిమానా. సోక్రటీస్ దీనిమీదే జోకు వేస్తాడు: తోటి వాదులు అనిటస్, లికోన్ తోడు రాకపోతే, కేసు వేసిన మెలెటస్‌కి వెయ్యి డ్రాక్మాలు వదిలేవి అని. లెక్క వేయండి. నేరం ఉందన్న ఓట్లు సుమారు 280, ముగ్గురికి పంచితే తలా 93. ఐదోవంతు అంటే 100. లెక్క సరిగ్గా సరిపోయింది.

చట్టం మార్చడం మీద గ్రీకుల భయం తెలియాలంటే ఏథెన్స్ వక్త డెమోస్థెనెస్ చెప్పిన లోక్రి ఊరి సంగతి చాలు. కొత్త చట్టం ప్రతిపాదించేవాడు మెడకి ఉరితాడు వేసుకుని నిలబడాలి. ఓడితే అక్కడికక్కడే బిగిస్తారు. రెండొందల ఏళ్ల పైచిలుకులో ఒక్కటే కొత్త చట్టం వచ్చిందట. అక్కడ కంటికి కన్ను చట్టం. ఒంటికన్ను వాడిని శత్రువు బెదిరించాడు, నీ ఉన్న కన్నూ పొడుస్తాను, నాకు పోయేది ఒకటే కదా అని. వాడు తాడు వేసుకుని వచ్చి, ఒంటికన్ను వాడి కన్ను పొడిస్తే రెండు కళ్లూ తీయాలని చట్టం చేయించుకున్నాడు. సమానం అన్న మాట అంకెలోనా, నష్టంలోనా అన్నది ఇందులో తేలిపోయింది.

సీసపు_కొలబద్ద:
ఆ కన్ను కథ దగ్గరే అరిస్టాటిల్ మొదలవుతాడు. ‘నికొమాకియన్ ఎథిక్స్’ ఐదో భాగం. విద్యార్థులు తప్పు చేసే చోట్లు మాత్రం చెబుతాను.

‘న్యాయం’ అన్న మాటకి అతను రెండు అర్థాలు విడగొడతాడు. ఒకటి చట్టబద్ధత, మొత్తం సద్వర్తనం దాని కిందికి వస్తుంది. రెండోది సమత్వం, ఎవరికి రావాల్సింది వాళ్లకి. ఈ రెండోదాన్నే మళ్లీ రెండుగా చీలుస్తాడు. పంపకంలో న్యాయం నిష్పత్తి ప్రకారం: వంద మినాల పెట్టుబడిలో ఒక్క మినా పెట్టినవాడికి మిగతా 99 పెట్టినవాడితో సమానవాటా అడిగే హక్కు లేదు (ఈ ఉదాహరణ ‘పాలిటిక్స్’ మూడో భాగంలోది). దిద్దుబాటులో న్యాయం కూడిక, తీసివేత. ఇద్దరి దగ్గర చెరో 10 ఉంది. ఒకడు 3 లాగేసుకున్నాడు. ఇప్పుడు 7, 13. తేడా 6. ఇక్కడే పప్పులో కాలు వేస్తారు, 6 తిరిగి ఇప్పించాలని. ఇప్పిస్తే 13, 7 అవుతుంది. న్యాయమూర్తి చూడాల్సింది మధ్య బిందువు, 10. దానికి ఎంత మించిందో అంతే కోయాలి, 3. పంపకంలో ఎవరు గొప్పవాడన్నది లెక్కలోకి వస్తుంది. దిద్దుబాటులో రాదు: మంచివాడు చెడ్డవాడిని మోసం చేసినా, చెడ్డవాడు మంచివాడిని చేసినా చట్టానికి ఒకటే.

ఇక చట్టానికీ న్యాయానికీ మధ్య సందు. ఐదో భాగం పదో అధ్యాయం, ‘ఎపియైకేయ’. చట్టం సామాన్యంగా మాట్లాడాలి, సందర్భాలు సామాన్యంగా రావు. తప్పు చట్టంలో లేదు, శాసనకర్తలో లేదు, విషయం స్వభావమే అలాంటిది అంటాడు. కాబట్టి శాసనకర్త ఇక్కడ ఉంటే ఏం చెప్పేవాడో, ముందే తెలిస్తే ఏం రాసేవాడో, అలా సరిచేయాలి. దీనికి లెస్బోస్ ద్వీపం మేస్త్రీలు వాడే సీసపు కొలబద్ద ఉదాహరణ. అక్కడి గోడల్లో రాళ్లు వంపులుగా చెక్కి ఒకదానిలో ఒకటి ఇముడుస్తారు. తిన్నని కర్రతో కొలిస్తే కుదరదు. సీసపు పట్టీ అయితే ఒక రాయి వంపుకి ఒత్తి, ఆ ఆకారం అలాగే తీసుకెళ్లి పక్కరాయికి పెట్టొచ్చు. తీర్మానాలు అలా సందర్భానికి అమరాలంటాడు. నల్లకోటు గారు 403లో ప్సెఫిస్మని చట్టం కిందికి తొక్కారని చెప్పారు కదా, అరిస్టాటిల్ దానికి ఒక చోటు మళ్లీ కల్పిస్తున్నాడు.

గట్టి ఉదాహరణ ‘రెటరిక్’ మొదటి భాగం పదమూడో అధ్యాయంలో ఉంది. ఇనుముతో కొడితే ఫలానా శిక్ష అని చట్టం. ఎంత పెద్ద ఇనుము, ఎలాంటిది అని రాస్తూ కూర్చుంటే జీవితం చాలదు. ఉంగరం పెట్టుకున్నవాడు చెయ్యెత్తి ఒక దెబ్బ వేశాడు. రాసిన చట్టం ప్రకారం ఇనుముతో కొట్టిన దోషి. నిజానికి కాదు. అతను దోషి కాదనడం ఎపియైకేయ.

ఎపియైకేయ అంటే జాలి అని అనువదించేవాళ్లున్నారు. పూర్తిగా తప్పు. దయతో శిక్ష తగ్గించడం వేరు, ఈ చట్టం ఈ పనిని ఉద్దేశించలేదని చెప్పడం వేరు.

మూడో_గొంతు:
అదే ‘రెటరిక్’ పదిహేనో అధ్యాయం కూడా చెప్పండి మరి. చట్టం నీకు వ్యతిరేకంగా ఉంటే రాయని చట్టం, ఎపియైకేయ ఎత్తుకో, సోఫోక్లిస్ నాటకంలో రాజాజ్ఞని ధిక్కరించిన యాంటిగొనిని ఉదహరించు అంటాడు. చట్టం నీ పక్షాన ఉంటే, ‘న్యాయమైన అభిప్రాయం’ అన్న ప్రమాణం చట్టాన్ని మీరడానికి కాదు, చట్టం తెలియనప్పుడు ప్రమాణభంగం కాకుండా ఉండటానికి అని వాదించు. చట్టం కంటే తెలివి ప్రదర్శించకు అను అంటాడు. ఒక్క ప్రమాణానికి రెండు వ్యాఖ్యానాలు, ఎవడికి ఏది కావాలంటే అది. ఎటు కావాలంటే అటు వంగడం సీసం గుణమే కదా!

సీసపు_కొలబద్ద:
:) ఒప్పుకున్నాను. కానీ అది అలంకారశాస్త్ర గ్రంథం, ఎదుటివాడి ఎత్తు తెలియాలంటే రెండూ నేర్పాలి. ఇంకోటి, చట్టాన్ని మరీ వంచడానికి వీల్లేదు. లేని చట్టాన్ని ఉందని కోర్టులో చూపిస్తే మరణశిక్ష అని డెమోస్థెనెస్ పేర ఉన్న ఒక ప్రసంగంలో ఉంది.

పాదసూచిక:
పరిభాష గురించి ప్రశ్నపత్రం గారి ఫిర్యాదు అలాగే ఉండిపోయింది. ‘న్యాయం’ అన్న మాట తెలుగులో నాలుగు బరువులు మోస్తోంది: ధర్మంగా ఉండటం, కోర్టులో దొరికేది, తర్కశాస్త్రం, ఇంకా కాకతాళీయ న్యాయం లాంటి లోకోక్తి. గ్రీకులో ‘దికే’ కూడా అలాంటిదే: తీర్పు, దావా, శిక్ష అన్నీ ఆ ఒక్క మాటే. దికేకి న్యాయం అనవచ్చు. మనిషిలోని గుణమైన ‘దికైయొసునే’కి న్యాయశీలం అంటే గందరగోళం తగ్గుతుంది. నోమోస్‌కి నాకు ‘కట్టుబాటు’ ఇష్టం. ఊరి ఆచారమూ, రాసిన శాసనమూ రెండూ అందులో ఇముడుతాయి, గ్రీకు మాట చరిత్ర కూడా అదే. ఏథెన్స్ తొలి శాసనకర్త డ్రాకోన్ తన చట్టాలకి వాడిన మాట నోమోస్ కాదు, ‘థెస్మోస్’, పైవాడు విధించినది. నోమోస్ జనం పాటించేది. ఆ మాట మారడంలోనే సగం కథ ఉంది.

ఇక మనవైపు పోలిక. అర్థశాస్త్రం మూడో అధికరణం మొదటి అధ్యాయంలో వివాదానికి నాలుగు పాదాలు: ధర్మం, వ్యవహారం, చరిత్రం, రాజశాసనం. వెనకది ముందుదాన్ని బాధిస్తుంది, అంటే ధర్మం కంటే చివరికి రాజాజ్ఞదే పైచేయి. 403 నాటి ఏథెన్స్ నియమానికి ఇది తలకిందులు: అక్కడ ఇప్పటి తీర్మానం పాత చట్టాన్ని గెలవలేదు. అదే అధ్యాయంలో ఇంకో శ్లోకం, శాస్త్రం న్యాయంతో విభేదిస్తే న్యాయమే ప్రమాణం, ‘తత్ర పాఠో హి నశ్యతి’, అక్కడ పాఠం నశిస్తుంది అని. వెంటనే ఎపియైకేయ దొరికిందని సంబరపడకండి. అక్కడ న్యాయం అంటే యుక్తి, తర్కం. జస్టిస్ అని అనువదించి వ్యాసాలు రాసేస్తున్నారు.

అన్నట్టు 13వ శతాబ్దంలో కేతన సంస్కృత ధర్మశాస్త్ర వ్యాఖ్య మితాక్షరని ‘విజ్ఞానేశ్వరము’గా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అందులో ‘వ్యవహారం’ అంటే కోర్టుకెక్కిన దావా. ఇప్పుడు మనం ‘వాడి వ్యవహారం బాగోలేదు’ అంటున్నాం. మాటలు ఎక్కడినుంచి ఎక్కడికి జారుతాయో.

నల్లకోటు:
థెస్మోస్ సంగతి బాగుంది. ఆ తర్వాతి శాసనకర్త సోలోన్ కూడా తన పద్యంలో ఆ మాటే వాడాడు: చెడ్డవాడికీ మంచివాడికీ ఒకేలా శాసనాలు రాశాను, ఒక్కొక్కరికి తిన్నని దికే అమర్చి. ఆ ఒక్క వాక్యంలో రెండు మాటలూ పక్కపక్కన ఉన్నాయి, ఒకటి రెండోదానికి పనిముట్టుగా.

మూడో_గొంతు:
అందరూ చట్టం వెనక న్యాయం ఉందనే ధీమాతో మాట్లాడుతున్నారు. ఆ కాలంలోనే దాన్ని నమ్మనివాళ్ల మాట కూడా రావాలి.

ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో పపైరస్ చిత్తుల్లో దొరికిన, ఆంటిఫోన్ అనే ఆలోచనాపరుడి వాదన నా దృష్టిలో అందరికంటే పదునైనది. న్యాయం అంటే నువ్వు పౌరుడిగా ఉన్న ఊరి కట్టుబాట్లు మీరకపోవడం. కాబట్టి లాభసాటిగా బతకాలంటే సాక్షులు ఉన్నప్పుడు చట్టాన్ని గౌరవించు, ఎవరూ లేనప్పుడు ప్రకృతిని. చట్టాన్ని మీరితే ఎవరూ చూడకపోతే నష్టం లేదు. ప్రకృతిని మీరితే ఎవరూ చూడకపోయినా నష్టమే. ‘రిపబ్లిక్’ రెండో భాగంలో గైజెస్ ఉంగరం (పెట్టుకున్నవాడు ఎవరికీ కనబడడు) కథ దీనికి బొమ్మకట్టడమే.

‘రిపబ్లిక్’ మొదటి భాగంలో వాదించే థ్రాసిమాకస్ సంగతి వేరు. బలవంతుడి ప్రయోజనమే న్యాయం, పాలకులు తమకి లాభించే చట్టం చేసి అది పాటించడమే న్యాయం అంటారు అన్నాడు. సోక్రటీస్ అడిగింది: పాలకుడు పొరపాటున తనకే నష్టమయ్యే చట్టం చేస్తే? క్లిటోఫోన్ దారి చూపించాడు, ‘లాభమని పాలకుడు అనుకున్నది’ అను చాలు అని. థ్రాసిమాకస్ తీసుకోలేదు, పాలకుడు పాలకుడిగా పొరపాటు చేయడు అన్నాడు. అక్కడే ఓడాడు. ఎందుకంటే పొరపాటు చేయని పాలకుడు అన్న మాటతో పాలన ఒక విద్య అయిపోయింది. విద్య దేనికోసం ఉందో దాని మేలు చూస్తుంది, వైద్యం రోగి మేలు చూసినట్టు. క్లిటోఫోన్ మాట విని ఉంటే వాదన చాలాదూరం లాగొచ్చు.

జెనోఫోన్ ‘మెమొరబిలియా’ మొదటి భాగంలో కుర్రాడు ఆల్సిబయడీస్ ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్‌ని నిలదీసిన ఘట్టం కూడా చదవండి. చట్టం అంటే ఏమిటి? జనం కూడి ఆమోదించి రాసింది. కొద్దిమంది రాస్తే? అదీ చట్టమే. నియంత రాస్తే? అదీనూ. ఒప్పించకుండా బలవంతంగా రుద్దితే? అది చట్టం కాదు. మరి జనం కూడి సంపన్నుల్ని ఒప్పించకుండా రుద్దింది? పెరిక్లీస్ అంటాడు, నీ వయసులో మేమూ ఇలాంటి వాటిలో గట్టివాళ్లమే అని. కుర్రాడు: మీరు గట్టిగా ఉన్న రోజుల్లో కలిసి ఉంటే బాగుండేది.

ప్రశ్నపత్రం:
ఆ చివరిది అదిరింది. కానీ ఇక్కడే నాకు మళ్లీ ‘క్రిటో’ గుర్తొస్తోంది. ఒప్పించు లేదా చెయ్యి అన్నారు చట్టాలు. ఒప్పించడానికి సోక్రటీస్‌కి దొరికిన సమయం ఎంత?

తాళపత్రం:
ఒక్క రోజులో ఒక భాగం. పబ్లిక్ కేసులో రోజుని వాదికి, ప్రతివాదికి, శిక్ష నిర్ణయానికి పంచేవారు. సివిల్ దావాల్లో నీటిగడియారం. అరిస్టాటిల్ పేర ఉన్న ‘ఏథెన్స్ రాజ్యాంగం’ 67లో కొలతలున్నాయి: 5000 డ్రాక్మాలు దాటిన దావాకి మొదటి ప్రసంగం 10 ఖోయెస్ నీళ్లు, రెండోదానికి 3. ఐదువేల లోపు అయితే 7, 2. వెయ్యి లోపు అయితే 5, 2. ఖోయెస్ అంటే సుమారు 3.2 లీటర్లు. అగోరాలో దొరికిన మట్టికుండ రెండు ఖోయెస్‌ది, ఆరు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. అంటే పది ఖోయెస్‌కి అరగంట. సాక్ష్యాలు, చట్టాలు చదివేటప్పుడు చిల్లు మూసేవారు. పబ్లిక్ కేసులో మూయరు.

సోక్రటీస్ ఫిర్యాదు కూడా అదే. ‘అపాలజీ’ 37ఏ-బి: మరణశిక్ష కేసులు ఒక్క రోజులో కాక చాలా రోజులు విచారించే చట్టం వేరే చోట్ల ఉంది, అది మీకూ ఉంటే నేను మిమ్మల్ని ఒప్పించేవాణ్ని, ఇంత కొద్ది సమయంలో పెద్ద అపవాదులు కడగడం తేలిక కాదు అంటాడు. ‘క్రిటో’ చివర 54సిలో చట్టాలు అంటాయి: నీకు అన్యాయం చేసింది మేం కాదు, మనుషులు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చదివితే చట్టాల మాట పూర్తిగా నిజం కాదనిపిస్తుంది నాకు. ఒక్క రోజులో తేల్చమన్నది మనుషులు కాదు, చట్టమే.

ప్లేటోకి ఇది గుర్తుండిపోయింది. చివరి రచన ‘లాస్’ తొమ్మిదో భాగం 855-856లో తను ఊహించిన ఊరికి మరణశిక్ష కేసు పద్ధతి రాశాడు. న్యాయమూర్తులే వరసగా వాది ప్రతివాదుల్ని ప్రశ్నించాలి. ముఖ్యమైన ప్రతి మాటా రాసి, అందరూ సంతకం పెట్టి, హెస్టియా దేవత వేదిక మీద ఉంచాలి. మర్నాడు మళ్లీ అదే. మూడోరోజూ అదే. అప్పుడు బహిరంగంగా ఓటు. మామూలు దావాలకి మూడంచెల కోర్టులు కూడా పెట్టాడు: ఇరుగుపొరుగు, తర్వాత తెగ కోర్టు, తర్వాత ఎంపిక చేసిన న్యాయమూర్తులు. తెలిసి తప్పుతీర్పు ఇచ్చిన న్యాయమూర్తి మీద దావా వేయొచ్చు.

మూడో_గొంతు:
అదే ‘లాస్’ పదో భాగం తిప్పండి. దేవుళ్లు లేరనేవాడు స్వతహాగా మంచివాడే అయినా సంస్కరణ గృహంలో కనీసం ఐదేళ్లు ఖైదు. రాత్రిసభ (ఆ ఊహా నగరపు పెద్దల మండలి) సభ్యులు తప్ప ఎవరూ కలవకూడదు. బయటికొచ్చాక మళ్లీ దోషి అని తేలితే మరణం. అసెబేయకి నిర్వచనం లేదని మొదటి పోస్టుల్లో బాధపడ్డారుగా, ప్లేటో నిర్వచనం ఇచ్చాడు: దేవుళ్లు లేరనడం, ఉన్నా మనల్ని పట్టించుకోరనడం, బలులతో కొనుక్కోవచ్చనడం.

తాళపత్రం:
ఆ మూడింటిలో సోక్రటీస్ ఏదీ అనలేదు.

మూడో_గొంతు:
మెలెటస్ మొదటిది అన్నాడనే అన్నాడు, ‘అపాలజీ’ 26సి. మూడు రోజులు విచారిస్తే ఏమయ్యేదో మరి.

నల్లకోటు:
ముప్పై ఓట్లు ఇటు తిరిగితే బయటపడేవాణ్ని అని 36ఏలో తనే అన్నాడు. 280, 220 నుంచి 250, 250. సమానమైతే ప్రతివాదిదే గెలుపు. మూడు రోజులు దొరికితే ఆ ముప్పై మంది తిరిగేవాళ్లనే నా పందెం. వాళ్లతో ఉచిత భోజనం మాట అనకుండా ఉంటేనే లెండి.

ప్రశ్నపత్రం:
ఉచిత భోజనం అడిగింది మొదటి ఓటు అయ్యాక కదా?

నల్లకోటు:
అవును, పొరపాటు నాదే. ఆ మాట పాడుచేసింది రెండో ఓటుని. మొదటిది దానికి ముందే పోయింది.